తీగ నగలకు ఏ పనిముట్లు కొనాలి, ఎట్లా దాచాలి: జడ్చర్ల చెల్లెకు సమాధానం

జడ్చర్ల నుంచి ఒక చెల్లె అడిగింది: "అక్కా, వీడియోలు చూసి రాగి తీగతో కమ్మలు, ఉంగరాలు చేయడం మొదలుపెట్టాను. చేతిలో 3,000 రూపాయలున్నాయి. ఆన్‌లైన్‌లో ఇరవై పనిముట్ల కిట్ ఒకటి కనిపిస్తోంది. అది తీసుకోనా, విడివిడిగా కొనుక్కోనా? మాది రెండు గదుల ఇల్లు, పాకే పాప ఉంది. పోయిన వానకాలంలో కొన్న తీగంతా నల్లబడింది. దేంట్లో దాచుకోవాలి?"

చెల్లె, కిట్ వద్దు. నీ డబ్బులో సగం రెండే రెండు వస్తువుల మీద పెట్టు: ఒక మంచి కట్టర్, ఒక మంచి గుండ్రని ముక్కు ప్లయర్. మిగతావి నిదానంగా కొనుక్కోవచ్చు, కొన్ని ఇంట్లోనే దొరుకుతాయి. ఎందుకో చెప్తాను.

నేను నల్లగొండలో పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నాదీ కిట్‌తోనే మొదలైంది. జిప్పు సంచిలో ఎనిమిది ప్లయర్లు, గులాబీ రంగు పిడులు, చూస్తే ముద్దొచ్చేవి. నెల తిరగకముందే గుండ్రని ముక్కు ప్లయర్ కీలు దగ్గర ఊగడం మొదలైంది. చుట్టిన రింగు గుండ్రంగా రాకుండా చింతగింజ ఆకారంలో వచ్చేది. నా చెయ్యే కుదరలేదనుకుని రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని అదే పని చేశాను. చివరికి మా వాడకట్టులో ఉండే, నగలు చేసే అవుసల తాత దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ప్లయర్ మూసి, వాకిట్లోకి వచ్చి వెలుతురుకు ఎదురుగా పట్టి చూపించాడు. రెండు ముక్కుల మధ్య సూది దూరేంత సందు. ఒక ముక్కు కొన సన్నగా, ఇంకోటి లావుగా ఉంది. "బిడ్డా, తప్పు నీ చేతిది కాదు" అన్నాడు. తర్వాత నేను చేసిన హుక్కు తీసుకుని, దాని మీద బొటనవేలి గోరు మెల్లగా జారించాడు. రెండు చోట్ల గోరు ఆగింది. అవి ప్లయర్ కొరికిన గాట్లు. నా కంటికి అప్పటిదాకా ఆనలేదు.

అప్పటినుంచి నేను ఏది కొన్నా, ఏది ఎక్కడ పెట్టినా ఒక్కటే చూస్తాను: తీగను ఏం తాకుతోంది? ప్లయర్ ముక్కు తాకుతుంది, కట్టర్ అంచు తాకుతుంది, చుట్టే గొట్టం తాకుతుంది, చేతి చెమట తాకుతుంది, డబ్బాలో పెట్టాక గాలి, కవరు, రబ్బరు బ్యాండు తాకుతాయి. తాకేది నున్నగా, పొడిగా, శుభ్రంగా ఉంటే పని బాగుంటుంది. పిడి రంగు ఏదైనా తీగకు తెలియదు. నువ్వు అడిగిన రెండు ప్రశ్నలూ నాకు ఒకటే అనిపించేది అందుకే.

ముందు కట్టర్ సంగతి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు కటింగ్ ప్లయర్ దీనికి పనికిరాదు. దాని దవడలు రెండు వైపులా వాలుగా ఉంటాయి, తీగను నొక్కి తెంపుతాయి. మనకు కావాల్సింది ఎలక్ట్రానిక్స్ పనివాళ్లు సర్క్యూట్ బోర్డు మీద విడిభాగాల తీగ కాళ్లు కత్తిరించే చిన్న నిప్పర్. మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో అడిగితే ఇస్తారు. టపారియా లాంటి మన దేశపు కంపెనీలవి కూడా ఉంటాయి. దాన్ని తిరగేసి చూడు: ఒక ముఖం చదునుగా, ఇంకో ముఖం లోపలికి గుంటగా ఉంటుంది. చదును ముఖం వైపు తెగిన కొన సాఫుగా వస్తుంది, గుంట వైపు తెగిన కొన గుడిసె కప్పులా రెండు వాలులుగా వస్తుంది. కాబట్టి ఎప్పుడూ చదును ముఖం నువ్వు ఉంచుకునే ముక్క వైపు ఉండాలి. జంప్ రింగుకు, అంటే నగ ముక్కలను ఒకదానికొకటి కలిపే చిన్న రింగుకు, రెండు కొనలూ సాఫుగా ఉండాలి గనుక ఒకసారి కత్తిరించి, కట్టర్ తిప్పి, ఆ మొనను మళ్లీ గోటి అంచంత తీసేయాలి. ఇంత చిన్న పనికి బద్ధకిస్తే రింగు మూసినప్పుడు సందు కనిపిస్తుంది, ఆ సందులోంచే గొలుసు జారిపోతుంది.

షాపులోనే పరీక్ష చెయ్యి. జేబులో అరగజం రాగి తీగ పెట్టుకెళ్లు. కట్టర్ మొన కొసతో కత్తిరించు. మొన దగ్గర తెగకుండా నలిగితే అది వద్దు. తెగిన కొనను బొటనవేలికి ఆనించు, గుచ్చుకోకూడదు. ఒక్క సంగతి గట్టిగా చెప్తున్నాను: ఆ కట్టర్‌తో ఇనుప బైండింగ్ వైరు, గాజులకు వాడే గట్టి మెమరీ వైరు ఎప్పుడూ కత్తిరించకు. ఒక్కసారి చాలు, అంచులో గాటు పడుతుంది. ఆ తర్వాత అది కత్తిరించే ప్రతి రాగి కొన మీదా సన్నని వెంట్రుక లాంటి బొడిపె మిగులుతుంది. ఉక్కు తీగలకు పాత కటింగ్ ప్లయర్ వేరే ఉంచుకో. ఇంట్లో మగవాళ్లు ఫ్యూజు వైరు కత్తిరించడానికి నీ కట్టర్ అడుగుతారు. ఇవ్వకు.

గుండ్రని ముక్కు ప్లయర్‌కు వెలుతురు పరీక్ష చెప్పాను కదా, అదే మొదటిది. రెండోది, దవడలు సగం తెరిచి, ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని పైకీ కిందికీ కదిపి చూడు. ఊగితే పక్కన పెట్టెయ్. ఒక దవడ ఇంకో దవడలోంచి దూరి వచ్చినట్టు ఉండే కీలు ఎక్కువకాలం బిగువుగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి మేకు కొట్టిన కీలు తొందరగా వదులవుతుంది. మూడోది, ముక్కు కొన ఎంత సన్నగా ఉంది? చిన్న చిన్న పూసలు వేలాడే కమ్మలు చేయాలంటే కొన ఒక మిల్లీమీటరు లావుకు మించకూడదు. ఇంకా, పిడి నీ అరచేతిలో పట్టాలి. పిడి పొడుగైతే రోజుకు వంద రింగులు చుట్టాక మణికట్టు లాగుతుంది.

కొన్నాక ముక్కు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టు. ప్రతి రింగూ ఆ గీత మీదే చుట్టు. జత కమ్మలు జతలా కనిపించాలంటే ఇంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. గీత రెండు రోజుల్లో చెరిగిపోతుంది, మళ్లీ పెట్టుకో.

చదును ముక్కు ప్లయర్లు రెండు కావాలి. జంప్ రింగు తెరవడానికి, మూయడానికి రెండు చేతుల్లో రెండుండాలి. రింగును విడదీసినట్టు పక్కలకు లాగకూడదు, ఒక కొన నీ వైపు, ఇంకో కొన అవతలికి తిప్పాలి, అప్పుడే గుండ్రం చెడదు. మామూలు నోస్ ప్లయర్లలో లోపల పళ్లుంటాయి. పైసలు తక్కువైతే వాటినే కొని పళ్లు అరగదీయొచ్చు. సన్నని ఆకురాయితో మొదలుపెట్టి, 220 నంబరు ఎమరీ కాగితం, తర్వాత 400, తర్వాత 800. ఒక మధ్యాహ్నం పడుతుంది. నేను ఇప్పటికీ వాడే ఒక ప్లయర్ అట్లా చేసుకున్నదే. దవడల అంచులు కూడా కొంచెం గుండ్రం చెయ్యి, పదునైన అంచే గాట్లు పెట్టేది. అంత ఓపిక లేకపోతే దవడలకు మందుల షాపులో దొరికే కాగితం ప్లాస్టర్ చుట్టు. రోజూ మార్చాలి, కానీ తీగ మీద గాటు పడదు.

కిట్లలో వచ్చే నైలాన్ దవడల ప్లయర్, క్రింపింగ్ ప్లయర్, పూసలు కుట్టే సూదులు, ఇవన్నీ ఇప్పుడు అక్కర్లేదు. వంకర తీగను సరిచేయడానికి నూలు గుడ్డను నాలుగు మడతలు పెట్టి, మధ్యలో తీగ ఉంచి, వేళ్లతో నొక్కి రెండు మూడుసార్లు లాగు. తీగ కొంచెం వేడెక్కుతుంది, కొంచెం గట్టిపడుతుంది కూడా. రాగిని ఎంత వంచితే అంత గట్టిపడుతుందని గుర్తుపెట్టుకో. ఒకేచోట ముందుకూ వెనక్కూ వంచుతూ పోతే విరుగుతుంది.

సుత్తి, దాగలి గురించి అందరూ భయపడతారు. దానికోసం హైదరాబాదు పోవాల్సిన పని లేదు. ట్రాక్టర్, రైస్ మిల్లు సామాన్లు బాగుచేసే లేత్ వర్క్‌షాపులు మన వైపు ఏ పట్నంలోనైనా ఉంటాయి, మిర్యాలగూడలో అయితే వీధికొకటి అన్నట్టుంటాయి. మూడు అంగుళాల చదరం, అర అంగుళం మందం ఇనుప ముక్క కోసి, ఒక ముఖం నున్నగా చేసిమ్మని అడుగు. కింద పాత జీన్స్ గుడ్డ మడిచి పెట్టుకుంటే చప్పుడు పక్కింటికి వినపడదు. సుత్తి ముఖాన్ని కూడా ఎమరీతో అద్దంలా చేసుకో. సుత్తి మీద గీత ఉంటే అదే గీత నగ మీద అచ్చు పడుతుంది.

గాజులు చుట్టడానికి నేను వాడేది చెప్తే నవ్వొద్దు. బోరుబావి నుంచి పొలానికి నీళ్లు పోయే 63 మిల్లీమీటర్ల పైపు ముక్క, జానెడు. మన గాజుల సైజులో 2.8 అంటే రెండు అంగుళాల మీద పదహారో వంతులు ఎనిమిది, అంటే రెండున్నర అంగుళాలు, 63.5 మిల్లీమీటర్లు. తీగ చుట్టి వదిలాక వెంట్రుకవాసి విచ్చుకుంటుంది, సరిగ్గా 2.8 గాజు వస్తుంది. 2.6 కావాలంటే 60 మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉండాలి, తీగ విచ్చుకోవడం లెక్కేసుకుని అంతకంటే కాస్త సన్నటి సీసానో డబ్బానో స్కేలుతో కొలిచి వెతుక్కో. ఇంట్లో ఉన్న గుండ్రని వస్తువులన్నీ కొలిచి, వాటి కింద కొలత రాసి పెట్టుకుంటే అదే నీ సొంత అచ్చుల సెట్టు.

ఇప్పుడు తీగ గురించి. ఇక్కడే చాలామంది పైసలు పోగొట్టుకుంటారు. తీగ లావును గేజ్ నంబరుతో చెప్తారు. విదేశీ వీడియోల్లో చెప్పే నంబరు వేరు, మన షాపుల్లో వాడే నంబరు వేరు. వాళ్లది అమెరికా లెక్క, మన మోటార్ వైండింగ్ షాపులది పాత ఇంగ్లండు లెక్క, ఎస్‌డబ్ల్యూజీ అంటారు. వీడియోలో 20 గేజ్ అంటే 0.81 మిల్లీమీటరు. మన షాపులో 20 అడిగితే 0.91 వస్తుంది. పూస రంధ్రంలో దూరదు, నువ్వేమో పూసది తప్పనుకుంటావు. సులువైన లెక్క ఒకటుంది: మనం వాడే సైజుల్లో వీడియో నంబరుకు ఒకటి కలిపి అడుగు. వాళ్ల 18కి మన 19, వాళ్ల 20కి మన 21, వాళ్ల 24కి మన 25, వాళ్ల 26కి మన 27. ఇంచుమించు అదే లావు వస్తుంది. ఇంకా మంచిది, నంబరు మానేసి మిల్లీమీటర్లలో అడగడం. లావు కొలిచే చిన్న ప్లాస్టిక్ వెర్నియర్ స్కేలు ఒకటి కొనుక్కో, నీ 3,000లో దానికి చోటుంది.

మన జిల్లాల్లో ఎండకాలం వచ్చిందంటే బోరు మోటార్లు కాలడం, వైండింగ్ షాపులు తీరికలేకుండా ఉండటం నీకు తెలిసిందే. రాగి తీగ మనకు అంత దగ్గరగా ఇంకెక్కడా దొరకదు. తూకం మీద ఇస్తారు. 0.8 మిల్లీమీటరు తీగ 100 గ్రాములు కొంటే దాదాపు 22 మీటర్లు వస్తుంది. నేర్చుకోవడానికి రెండు నెలలు సరిపోతుంది. కొత్త చుట్టలోంచే తీసిమ్మను. కాలిన మోటారులోంచి ఊడదీసిన తుక్కు తీగ చవకని తీసుకోకు, అది వంగినచోటల్లా విరుగుతుంది. కొత్త వైండింగ్ తీగ మీద తేనె రంగు ఎనామిల్ పూత ఉంటుంది. ఆ పూత ఉన్నంతకాలం రాగి నల్లబడదు, అది లాభం. కానీ సుత్తితో కొడితే, పళ్ల ప్లయర్‌తో పడితే పూత పెచ్చులూడుతుంది. పూత వద్దనుకుంటే ఎమరీతో గీకు, పొయ్యి మీద కాల్చకు, ఆ పొగ మంచిది కాదు, ఇంట్లో పాప ఉంది. ఈ తీగను గాజులకు, జడ పిన్నులకు, లాకెట్లకు, చెయ్యి కుదిరే సాధనకు వాడు. చెవిలో దూర్చే హుక్కుకు మాత్రం వాడొద్దు.

చెవి హుక్కు గురించి రెండు మాటలు ఎక్కువే చెప్తాను. మనవాళ్లకు చెమట ఎక్కువ. ఉట్టి రాగి హుక్కు చెవి దగ్గర పచ్చగా మరక చేస్తుంది. జర్మన్ సిల్వర్ పేరులో వెండి ఉందిగానీ అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది, నికెల్ పడనివాళ్లకు చెవి దురద పెట్టి రసి కారుతుంది. హుక్కుకు 92.5 వెండి తీగ, 0.8 మిల్లీమీటరు, అవుసలాయన దగ్గర తీసుకో. ఆయన దగ్గర కమ్మచ్చు ఉంటుంది, లావు తీగను రంధ్రాల్లోంచి లాగి నీకు కావలసినంత సన్నగా చేసిస్తాడు. నాకు మా అవుసల తాత అట్లా చేసిచ్చినప్పుడే తీగ లావు అంటే ఏమిటో అర్థమైంది. హుక్కు వంచాక వంపు దగ్గర సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేస్తే గట్టిపడి ఆకారం నిలుస్తుంది.

హుక్కు కొన నున్నగా ఉందో లేదో చూడటానికి మన దగ్గర లేనిదేముంది, పత్తి. ఒక చిటికెడు దూది తీసుకుని చేసిన నగ అంతటా తిప్పు. ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ ఆకురాయి పెట్టు. ఒక పెళ్లికి నా చేతి కమ్మలు పెట్టుకున్నావిడ పోచంపల్లి పట్టుచీర కొంగు కమ్మకు తట్టుకుని పోగు లేచింది. ఆమె ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గద్వాల అయినా, నారాయణపేట అయినా మన వైపు ఆడవాళ్లు కట్టే చీరలు అట్లాంటివి. అప్పటినుంచి దూది పరీక్ష కాకుండా ఒక్క జత కూడా నా ఇల్లు దాటలేదు.

ఇక దాచడం. నీ తీగ వానకాలంలో ఎందుకు నల్లబడిందో నువ్వు రాసినదాన్నిబట్టి రెండు కారణాలు అనుకుంటున్నాను. ఒకటి చెమట. పని చేసిన చేతులతో చుట్టి అట్లాగే పెట్టేస్తే ఉప్పు తీగ మీదే ఉంటుంది, ముసురు పట్టిందంటే ఆ తేమతో కలిసి మచ్చలు వేస్తుంది. రెండోది, తెరిచిన డబ్బా వంటింటి గోడకు దగ్గరగా ఉండి ఉంటుంది. ఉల్లిగడ్డ, గుడ్డు, వీటి గంధకం వాసన వెండిని, రాగిని నల్లబరుస్తుంది. కావాలని పాతకాలపు నగలా నల్లగా చేయాలనుకునేవాళ్లు ఉడికించిన గుడ్డుతో పాటు డబ్బాలో పెట్టి మూస్తారు, అంటే గుడ్డు ఎంత పని చేస్తుందో చూడు.

నాకు జరిగింది రబ్బరు బ్యాండ్లతో. ఒక ఏడు జూన్‌లో వెండి హుక్కులు ఇరవై జతలు చేసి, పది పదిగా రబ్బరు బ్యాండు వేసి స్టీలు డబ్బాలో పెట్టాను. సెప్టెంబరులో తీస్తే ప్రతి హుక్కు మీదా బ్యాండు తగిలినచోట పెన్నుతో గీసినట్టు నల్లని గీత. మిగతా అంతా తెల్లగానే ఉంది. రబ్బరు గట్టిపడటానికి అందులో గంధకం కలుపుతారు, అది వెండిని పట్టుకుంది. ఆ గీతలు తుడవడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు నేను తీగ చుట్టలను నూలు దారంతో మూడు చోట్ల కడతాను. రబ్బరు బ్యాండు నా పెట్టెలోకి రానివ్వను.

లావు తీగను, అంటే 0.8, ఒక మిల్లీమీటరు తీగను, అరచేయంత వెడల్పు చుట్టగా ఉంచు. చిన్న చుట్ట చుడితే ఆ వంపు తీగలో ఉండిపోతుంది. 0.4 లాంటి సన్న తీగను రీలుకే చుట్టు, వైండింగ్ షాపులో ఖాళీ ప్లాస్టిక్ రీళ్లు అడిగితే ఇస్తారు. రీలు అంచుకు చిన్న రంధ్రం చేసి తీగ కొనను అందులో దూర్చి ఉంచు. కొన వదులైందంటే లోపలి చుట్ట కిందికి దూరి ముడి పడుతుంది. అప్పుడు లాగావంటే మెలిక పడి అక్కడే తెగుతుంది. ఓపికగా రీలు తిప్పి విప్పాలి.

ప్రతి చుట్టను తుడిచి, విడివిడిగా జిప్ కవరులో పెట్టి, గాలి నొక్కి తీసి మూయి. కవరు మీద లోహం, మిల్లీమీటర్లు, కొన్న నెల రాయి. పల్చటి మామూలు జిప్ కవరు మంచిది. దుప్పట్లు వచ్చే మెత్తటి, వాసన వచ్చే మందం కవర్లు వాడొద్దు, అవి పీవీసీవి, లోహానికి పడవు. కవర్లన్నీ మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టు. అందులో చెప్పుల పెట్టెల్లో, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు వేయి. అవి పాపకు అందకూడదు. అవి లేకపోతే చాక్‌పీసులు నాలుగు పలచటి గుడ్డలో మూటగట్టి వేయి, ఎండ కాసినప్పుడల్లా తీసి ఎండబెట్టు. బీరువాలో పెడతానంటే కలరా ఉండలకు దూరంగా పెట్టు. వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్ డబ్బాలు, పూసలు మెత్తబడి అంటుకుంటాయి.

ఇప్పటికే నల్లబడిన రాగిని పారేయకు. చింతపండు పులుసులో చిటికెడు ఉప్పు వేసి రుద్దితే ఎర్రగా వస్తుంది, ఇత్తడి బిందెలు తోమిన చేతులు మనవి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లలో ముంచితే పులుపు విరుగుతుంది. చివరి కడుగు బోరు నీళ్లతో వద్దు, మన నీళ్లు గట్టివి, ఆరాక తెల్ల మరకలు మిగులుతాయి. ఫిల్టర్ నీళ్లతో కడిగి వెంటనే తుడువు. ముత్యాలు, పగడాలు గుచ్చిన నగను మాత్రం చింతపండులో ముంచకు. పులుపు వాటి పైపొరను తినేస్తుంది, పోయిన మెరుపు తిరిగి రాదు.

పూసలకు చాలామంది పోపు డబ్బా చెప్తారు. పని చేసేటప్పుడు బాగుంటుంది, ఏడు గిన్నెల్లో ఏడు రంగులు కళ్లముందు ఉంటాయి. కానీ డబ్బా తిరగబడిందంటే ఏడు రంగులూ ఒకటవుతాయి, గిన్నెలకు విడిగా మూతలు లేవు. దాచడానికి హోమియో మందుల ఖాళీ సీసాలు నాకు నచ్చాయి. హోమియో షాపులో కొత్తవే అమ్ముతారు. చిన్న పూసలు అందులో చక్కగా ఇముడుతాయి, మూత బిగుస్తుంది, లోపల ఏముందో కనిపిస్తుంది. ముప్పై ఆరు అరల ప్లాస్టిక్ పెట్టె ఇప్పుడే కొనకు. నీ దగ్గర ముప్పై ఆరు రకాల పూసలు అయినప్పుడు ఏ అర ఎంత పెద్దది కావాలో నీకే తెలుస్తుంది.

ప్లయర్లను ఒకదాని మీద ఒకటి డబ్బాలో పడేస్తే ముక్కులు ఒకదాన్నొకటి కొట్టుకుని గాట్లు పడతాయి, ఆ గాట్లు మళ్లీ తీగ మీదికే వస్తాయి. పాత జీన్స్ ప్యాంటు కాలు విప్పి, నిలువుగా అరలు కుట్టి, ఒక్కో అరలో ఒక్కోటి దూర్చి చాపలా చుట్టి కట్టెయ్. గోడకు తగిలిస్తే పాపకు అందదు, రెండు గదుల ఇంట్లో చోటూ తినదు. నెలకోసారి కీలులో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, పదిసార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన నూనె పూర్తిగా తుడువు. నూనె మిగిలితే తీగకు అంటుతుంది. వానకాలంలో అరల మధ్య ఒక చాక్‌పీసు కూడా దూర్చు.

చివరిది, పాప గురించి. ఇది నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం. తీగ కత్తిరించినప్పుడు ముక్క ఎగురుతుంది. కట్టర్ నేల వైపు పెట్టి, రెండో చేతి వేలు ముక్క మీద ఆనించి కత్తిరించు. కళ్లద్దాలు పెట్టుకో, పవర్ లేనివైనా సరే. మంచం మీద, చాప మీద పని చేయొద్దు. అంచు లేచిన పెద్ద స్టీలు తాంబాళంలో పాత శాలువా ముక్క పరిచి, ఒళ్లో పెట్టుకుని చెయ్యి. శాలువా మీద పూస దొర్లదు, ముక్క గెంతదు. కింద పడిన రాగి ముక్కలకు అయస్కాంతం పనిచేయదు, రాగి దానికి అంటదు. చపాతీ పిండి ముద్ద తీసుకుని నేలంతా అద్దుకుంటూ రా, కంటికి కనిపించనివి కూడా అంటుకుంటాయి. ఆ ముద్ద కుక్కకో కోడికో పడకుండా కాగితంలో చుట్టి పారెయ్. పెద్ద ముక్కలు మాత్రం మూత ఉన్న సీసాలో వేసుకో, అరకిలో అయ్యాక పాత సామాను కొనే అతను రాగి ధర కట్టిస్తాడు.

ఈ వారం కట్టర్, గుండ్రని ముక్కు ప్లయర్, 100 గ్రాముల తీగ కొను. రోజూ పాప నిద్రపోయాక పది రింగులు, ఒకే గీత మీద చుట్టు. అయిదు రోజులకు యాభై అవుతాయి. వాటిని వరుసగా దారానికి గుచ్చి, మొదటిది, యాభయ్యోది పక్కపక్కన పెట్టి ఫోటో పంపు. అవి చూసి చదును ప్లయర్లు ఏ సైజువి తీసుకోవాలో చెప్తాను.